హార్మోనిక్స్ కదలకపోతే అది డీఎక్స్ 7 కాదు

ఈమధ్య హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళ స్టూడియోకి వెళ్ళినప్పుడు, అక్కడ కీబోర్డ్ వాయించే కుర్రాడు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి ఒక శాంపిల్ ప్యాక్ (వాద్యాల స్వరాలను ముందే రికార్డు చేసి ఇచ్చే ఫైళ్ళ కట్ట) వినిపించాడు. "అన్నా, డీఎక్స్ 7 మొత్తం ఇందులోకి దించేశారు. ఎలక్ట్రిక్ పియానో, బెల్స్, బ్రాస్, బేస్, అన్నీ ఉన్నాయి. ఇంక ఆ పాత పెట్టెతో పనేముంది?" అన్నాడు. ఆ పాత పెట్టె అంటే యమహా డీఎక్స్ 7 సింథసైజర్. ఎగతాళికి అన్న మాట కాదది, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ప్యాక్ కూడా నాసిరకంగా లేదు, శ్రద్ధగా చేశారు. ఒక్క స్వరం వినిపిస్తే చాలు, ఎనభైల పాటలు విన్నవాళ్ళెవరైనా గుర్తుపట్టేస్తారు.

నేను మాత్రం అది డీఎక్స్ 7 కాదనే అనుకుంటున్నాను. 1983 నాటి యమహా ఇనుప పెట్టెలోంచి రాలేదన్నది నా అభ్యంతరం కాదు. ఆ వాద్యంలో హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు మోగుతూ నాదానికి రంగునిచ్చే పై పౌనఃపున్యాలు) స్వరం మొదలైన క్షణం నుంచి ఆగేదాకా మారుతూనే ఉంటాయి. ఎంత మారాలో, ఎప్పుడు మారాలో వాయించే చెయ్యి చెబుతుంది. శాంపిల్ చేసేటప్పుడు ఎవరో ఒకరు ఒక కీని ఒక బలంతో నొక్కుతారు, ఆ ఒక్కసారి హార్మోనిక్స్ ఎలా కదిలాయో అది రికార్డవుతుంది. మనకు ఆ ఫలితం మిగులుతుంది, కదిలించే వీలు మాత్రం మిగలదు. నా లెక్కలో ఆ వీలే వాద్యం.

ఈ మాట ఆ రోజు ఆ కుర్రాడికి ఇంత సూటిగా చెప్పలేదు. దానికి ఎదురు వాదనలు నాకే చాలా తోచాయి. వాటిలో కొన్ని గట్టివి కూడా. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఏమీ లేని చోటు నుంచి మొదలు

మూగ్, రోలాండ్ లాంటి అనలాగ్ సింథ్‌లు హార్మోనిక్స్ నిండుగా ఉన్న తరంగంతో మొదలవుతాయి. రంపం ఆకారపు సాటూత్ తరంగంలో అన్ని హార్మోనిక్సూ ఉంటాయి, పైకి వెళ్ళేకొద్దీ క్రమంగా బలం తగ్గుతుంది. ఆ తర్వాత ఫిల్టర్ పై నుంచి కోసుకుంటూ వస్తుంది. ఫిల్టర్ తెరిస్తే పై హార్మోనిక్స్ వస్తాయి, మూస్తే పోతాయి. రెజొనెన్స్ పెంచితే కట్ చేసే చోట ఒక గుబ్బ లేస్తుంది. ఎంత తిప్పినా హార్మోనిక్స్ మధ్య వరస పెద్దగా మారదు. కిందివి ఉంటూనే ఉంటాయి, పైవి వస్తూ పోతూ ఉంటాయి.

డీఎక్స్ 7లో ఆరు ఆపరేటర్లుంటాయి, ఒక్కోటి ఒక్కో ఓసిలేటర్. ప్రతిదీ ఇచ్చేది ఉత్త సైన్ తరంగం, అందులో ఒక్క పౌనఃపున్యం తప్ప వేరే హార్మోనిక్ ఏదీ ఉండదు. ఒక ఆపరేటర్ ఔట్‌పుట్‌ను ఇంకో ఆపరేటర్ ఫేజ్‌లోకి పంపితే అప్పుడు పుడతాయి హార్మోనిక్స్. పంపేది మాడ్యులేటర్, వినపడేది క్యారియర్. ఈ పద్ధతినే ఎఫ్‌ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) అంటారు. మాడ్యులేటర్ లెవెల్ పెంచేకొద్దీ క్యారియర్‌కు అటూ ఇటూ కొత్త పౌనఃపున్యాలు, అంటే సైడ్‌బ్యాండ్‌లు మొలుస్తాయి. అవి ఎక్కడ మొలవాలో రెండు ఆపరేటర్ల నిష్పత్తి తేలుస్తుంది.

ఉదాహరణకి క్యారియర్ 200 హెర్ట్జ్ అనుకుందాం. మాడ్యులేటర్ కూడా 200 అయితే 400, 600, 800 అలా వరసగా అన్ని హార్మోనిక్సూ వస్తాయి. మాడ్యులేటర్‌ని 400 చేస్తే 600, 1000, 1400 వస్తాయి, అంటే బేసి హార్మోనిక్స్ మాత్రమే. క్లారినెట్ ఛాయ ఉన్న ఖాళీ ఖాళీ నాదం అది. నిష్పత్తి 1.41 పెడితే మాడ్యులేటర్ 282 అవుతుంది. అప్పుడు పైన 482, 764, కింద సున్నా దాటి వెనక్కి మడతపడి 82, 364. వీటికి ఒకదానితో ఒకటి పొత్తు లేదు, అందుకే చెవికి గంట మోగినట్టు ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇక్కడుంది. ఈ సైడ్‌బ్యాండ్‌లు మాడ్యులేటర్ లెవెల్‌తో పాటు నిటారుగా పెరగవు. ఒక్కోటి పెరుగుతుంది, తగ్గుతుంది, సున్నా అవుతుంది, మళ్ళీ ఫేజ్ తిరగబడి లేస్తుంది. గణితంలో బెసెల్ ఫంక్షన్లు అంటారు వీటిని. పై 1.41 ఉదాహరణలో మాడ్యులేషన్ ఇండెక్స్ (మాడ్యులేటర్ క్యారియర్‌ని ఎంత కదిలిస్తోందో చెప్పే అంకె) దాదాపు 2.4 దగ్గరికి చేరినప్పుడు అసలు క్యారియర్ 200 హెర్ట్జ్ పూర్తిగా మాయమైపోతుంది. మనం నొక్కిన స్వరమే లేదు, దాని చుట్టూ ఉన్నవన్నీ ఉన్నాయి. ఇంకొంచెం పెంచితే తిరిగి వస్తుంది. మామూలు సింథ్ ఫిల్టర్ ఈ పని చెయ్యలేదు. మాడ్యులేటర్‌కి ఎన్వలప్ (కాలంతో పాటు లెవెల్ ఎలా పెరిగి తగ్గాలో చెప్పే సెట్టింగు) పెట్టి వదిలితే ఒక్క స్వరంలోనే ఇన్ని హార్మోనిక్స్ ఒకదాన్ని దాటుకుంటూ ఒకటి కదులుతాయి, అదీ రెండే రెండు సైన్ తరంగాలతో.

ట్రంపెట్ నేర్పిన సంగతి

ఎఫ్‌ఎం చరిత్ర ఈ బ్లాగు చదివేవాళ్ళకి తెలిసిందే. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో వైబ్రాటోను విపరీతంగా పెంచుతూ పోయి దీన్ని కనిపెట్టాడనీ, తర్వాత యమహా లైసెన్స్ తీసుకుందనీ మళ్ళీ చెప్పక్కర్లేదు. నా వాదనకి కావలసింది ఆ కథలో తక్కువమంది పట్టించుకునే ఒక ముక్క.

కనిపెట్టిన వెంటనే చౌనింగ్‌కి మంచి వాద్యాల నాదాలు రాలేదు. వాటికి దారి చూపించింది బెల్ ల్యాబ్స్‌లో ట్రంపెట్ మీద పరిశోధించిన జాన్ క్లోద్ రిసే. ట్రంపెట్‌ని గట్టిగా ఊదితే శబ్దం పెరగడమే కాదు, పై హార్మోనిక్స్ కింది వాటికన్నా ఎక్కువ పాళ్ళలో పెరుగుతాయని రిసే చూపించాడు. ఊపిరి పెరిగే కొద్దీ నాదం వెడల్పవుతుంది. 1971లో చౌనింగ్‌కి ఇది గుర్తొచ్చి మాడ్యులేషన్ ఇండెక్స్‌ని శబ్దం ఎన్వలప్‌తోనే నడిపించి చూశాడు. బ్రాస్ వచ్చేసింది.

అంటే ఎఫ్‌ఎంలో బ్రాస్ పుట్టించింది తరంగం ఆకారం కాదు. బలానికీ హార్మోనిక్స్‌కీ మధ్య ముడి వేయడం వల్ల అది పుట్టింది. ఆ ముడి తీసేసి ఏ ఒక్క క్షణంలోని స్పెక్ట్రమ్‌నైనా పట్టుకుని లూప్ చేస్తే అది బూరలా వినపడదు, ఆర్గాన్ స్టాప్‌లా ఉంటుంది. పన్నెండేళ్ళ తర్వాత వచ్చిన డీఎక్స్ 7లో ప్రతి ఆపరేటర్‌కీ సొంత ఎన్వలప్, నాలుగు రేట్లు, నాలుగు లెవెల్స్, సొంత వెలాసిటీ సెన్సిటివిటీ (కీ కొట్టే బలానికి ఎంత స్పందించాలో చెప్పే అంకె) ఉన్నాయంటే ఈ ముడి కోసమే అని నా నమ్మకం. వాయించే బలం శబ్దాన్ని మాత్రమే పెంచితే సరిపోతుందనుకుంటే అన్ని సెట్టింగులు ఎందుకు పెడతారు?

ఆ కుర్రాడు మా ఇంటికొచ్చిన రోజు

వాదన మాటల్లో తేలదని అతన్ని ఇంటికి రమ్మన్నాను. అందరికీ తెలిసిన ఎలక్ట్రిక్ పియానోనే ముందు పెట్టాను. దాని నిర్మాణం చాలా తేలిక. ఐదో అల్గారిథమ్ (ఆపరేటర్లను కలిపే అమరిక), అంటే మూడు జంటలు, ప్రతి జంటలో ఒక క్యారియర్, ఒక మాడ్యులేటర్. ఒక జంటలో మాడ్యులేటర్ నిష్పత్తి 14. కీ తాకగానే పైన టింగుమని వినపడే ఆ మెరుపు దానిదే. మిగతావన్నీ 1 దగ్గరే ఉండి ఒళ్ళు నింపుతాయి.

అతను కాసేపు వాయించాడు. మెల్లగా వాయిస్తే గుండ్రంగా, గట్టిగా కొడితే గరగరలాడుతూ వస్తోంది. అప్పుడు అతన్ని ఆపి, మాడ్యులేటర్లు మూడింటికీ వెలాసిటీ సెన్సిటివిటీ సున్నా చేశాను. క్యారియర్లని ముట్టుకోలేదు. కాబట్టి బలంగా కొడితే శబ్దం ఇంకా పెరుగుతూనే ఉంది. ఒక్క హార్మోనిక్స్ మాత్రం బలానికి స్పందించడం మానేశాయి. మళ్ళీ వాయించమన్నాను.

రెండు మూడు బార్లు వాయించి చేతులు తీసేశాడు. "ఏం చేశావన్నా? నేను కొడుతున్నట్టు అనిపించట్లేదు," అన్నాడు. నాకు ఆ మాట చాలు. పౌనఃపున్యాలు అవే, అల్గారిథమ్ అదే, పేరు కూడా స్క్రీన్ మీద అదే కనిపిస్తోంది. ఒక్క ముడి విప్పితే వాద్యం అతని చేతికి దూరమైపోయింది.

అతను ఊరుకునే రకం కాదు. "మంచి ప్యాకుల్లో వెలాసిటీ లేయర్లు ఉంటాయి కదా, మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి వేరే వేరేగా రికార్డు చేస్తారు," అన్నాడు. నిజమే. లేయర్లు బాగా చేసిన ప్యాక్‌లో పియానో లాంటి నాదాలకి తేడా పట్టుకోవడం కష్టం. పియానో తరహా వాద్యంలో కీ కొట్టాక చేతికి పని లేదు, ఏం జరిగినా కొట్టిన క్షణంలోనే నిర్ణయమైపోతుంది. అక్కడ అతని మాట నెగ్గుతుందని ఒప్పుకుంటాను.

కానీ స్వరం పట్టి ఉంచే నాదాల సంగతి వేరు. డీఎక్స్ 7లో కీని నొక్కాక ఇంకా లోపలికి అదిమితే ఆఫ్టర్‌టచ్ పనిచేస్తుంది. మాడ్యులేషన్ వీల్ ఉంది, ఫుట్ కంట్రోలర్ ఉంది, నోట్లో పెట్టుకుని ఊదే బ్రెత్ కంట్రోలర్‌కి సాకెట్ ఉంది. వీటిలో దేన్నయినా ఈజీ బయాస్ (ఈజీ అంటే ఎన్వలప్ జనరేటర్) అనే చోటికి కలపవచ్చు. మాడ్యులేటర్లకి యాంప్లిట్యూడ్ మాడ్యులేషన్ సెన్సిటివిటీ ఇస్తే, ఇక స్వరం నడుస్తున్నంతసేపూ హార్మోనిక్స్ మన అదుపులో ఉంటాయి. బ్రెత్ కంట్రోలర్ ఊదుతూ బ్రాస్ వాయించడం అతనికి అదే మొదటిసారి. స్వరం మొదలయ్యాక ఊపిరితో దాన్ని విప్పడం, మూయడం, మళ్ళీ సగం విప్పడం చేస్తూ ఒకే స్వరం మీద చాలాసేపు ఉండిపోయాడు. వెలాసిటీ లేయర్లు ఎన్ని పెట్టినా ఈ పని చెయ్యలేవు, ఎందుకంటే ఆ లేయర్ ఏదో కీ కొట్టినప్పుడే తేలిపోతుంది.

గమకం శ్రుతిలోనే ఉందా?

మన దగ్గర కీబోర్డ్ మీద కర్ణాటక సంగీతం వాయించేవాళ్ళు పిచ్ బెండ్ వీల్‌తో చేసే సాధన చూస్తే ముచ్చటేస్తుంది. ఎడమచేతి బొటనవేలితో తోడి రాగంలో గాంధారం ఊపడం తేలికైన పని కాదు. అంత సాధనా శ్రుతి ఒక్కదాని మీదే ఖర్చవుతోందనే నా బాధ. పక్కనే ఉన్న మాడ్యులేషన్ వీల్‌కి మామూలుగా వైబ్రాటో కట్టేసి ఉంటుంది, దాన్ని ముట్టుకునేవాళ్ళే తక్కువ. స్వరం వంగుతోంది కానీ నాదం బిగుసుకుపోయి ఉంటోంది.

విజయనగరంలో వీణ నేర్చుకున్న మా పెద్దమ్మకి ఒకసారి పిచ్ బెండ్‌తో వాయించిన ఆలాపన వినిపించాను. రాగం బాగానే ఉందంది, కాసేపాగి, "అన్ని స్వరాలూ ఒకే గొంతుతో ఉన్నాయేంట్రా? తీగ లాగితే అలా ఉండదే," అంది. తీగ పక్కకి లాగితే బిగువు పెరుగుతుంది, మీటు సద్దుమణిగే దశలో ఉంటుంది, మెట్టు మీద వేలి ఒత్తిడి మారుతుంది. శ్రుతితో పాటు నాదం కూడా మారుతుంది. ఆవిడ చెవికి అది గమకంలో భాగమే. అదే ఆలాపనకి మాడ్యులేటర్ లెవెల్‌ని ఆఫ్టర్‌టచ్‌కి కలిపి మళ్ళీ వాయిస్తే, "ఇది కాస్త నయం," అంది. పెద్దమ్మ మెచ్చుకోలు అంతకు మించి ఎప్పుడూ ఉండదు.

తంబురా గురించి ఆలోచిస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. బ్రిడ్జి మీద తీగ కింద పెట్టే సన్నటి దారాన్ని కొంచెం కొంచెం జరుపుతూ విద్వాంసులు వెతికేది శ్రుతిని కాదు. శ్రుతి అప్పటికే చేసి ఉంటుంది. దారం సరైన చోట కుదిరితే మీటిన తర్వాత హార్మోనిక్స్ ఒకదాని వెంట ఒకటి పైకి తేలుతూ వస్తాయి, ఒకే తీగ నుంచి కదిలే నాదం. సి.వి. రామన్ 1921లో తంబురా, వీణల మీద రాసిన పరిశోధనలో ఈ వింతనే పట్టుకున్నాడు. మామూలు సిద్ధాంతం ప్రకారం తీగను ఏ చోట మీటితే, అక్కడ కదలిక లేని హార్మోనిక్స్ ఆ శబ్దంలో వినపడకూడదు. కానీ ఈ వాద్యాల వంపు బ్రిడ్జి వల్ల అవి కూడా గట్టిగా వినపడతాయని చూపించాడు. ఆయన స్కూలు, ఇంటర్మీడియట్ చదువులు విశాఖపట్నంలోనే జరిగాయని తెలిసినప్పటి నుంచి, ఈ విషయం మనవాళ్ళు ఇంకొంచెం దగ్గరగా తీసుకోవాలని నాకు అనిపిస్తూ ఉంటుంది.

తంబురాలో ఆ కదలికను తీగా బ్రిడ్జీ కలిసి చేస్తాయి, వాయించేవాళ్ళు దారంతో దాన్ని కుదురుస్తారు. ఎఫ్‌ఎంలో ఎన్వలప్ చేస్తుంది, ప్యాచ్ (ఒక నాదానికి కావలసిన సెట్టింగుల కట్ట) చేసేవాళ్ళు అంకెలతో కుదురుస్తారు. రెండిటి భౌతికశాస్త్రం ఒకటని నేననడం లేదు, కాదు కూడా. కానీ వినేటప్పుడు చెవి వెతికేది రెండు చోట్లా ఒకటే. హార్మోనిక్స్ నిలబడిపోతే ఎలక్ట్రానిక్ తంబురా పెట్టెలు కొన్ని ఎందుకు అలసట తెప్పిస్తాయో, బిగుసుకుపోయిన సింథ్ ప్యాడ్ కూడా అందుకే అలసట తెప్పిస్తుంది.

నన్ను ఇబ్బంది పెట్టే మూడు మాటలు

మొదటిది చాలా గట్టిది. డీఎక్స్ 7 కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఫ్యాక్టరీ టోన్లనే, అంటే మెషిన్‌తో పాటే వచ్చే ప్రీసెట్లనే వాడారన్నది అందరికీ తెలుసు. రిపేరుకొచ్చిన మెషిన్లు చూస్తే చాలావాటిలో లోపలి టోన్లు వచ్చినవి వచ్చినట్టే ఉండేవని పాత టెక్నీషియన్లు చెప్పుకునే మాట ఒకటి ప్రచారంలో ఉంది. దానికి కారణమూ ఉంది. ఒక్క స్లైడర్, రెండు వరసల చిన్న స్క్రీన్, వెనక లైటు కూడా లేదు, బటన్లు నొక్కితే నొక్కినట్టు ఉండవు. నూటయాభైకి పైగా పారామీటర్లని అందులోంచి ఒక్కొక్కటిగా చూడాలి. అలాంటప్పుడు చరిత్రలో డీఎక్స్ 7 అంటే ఆ ప్రీసెట్లే కదా, వాటిని శాంపిల్ చేసినవాళ్ళు చరిత్రనే దాచారు కదా అని ఎవరైనా అడగొచ్చు.

దీనికి నా జవాబు ఒకటే. ప్రీసెట్‌లో ఒక్క అంకె కూడా మార్చనివాడు సైతం వాయించేటప్పుడు హార్మోనిక్స్‌ని మారుస్తూనే ఉన్నాడు. ముడి ప్రీసెట్ లోపల వేసే ఉంది, అతని వేళ్ళు దాన్ని లాగుతున్నాయి. ఎనభైల్లో మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో దీన్ని వాయించినవాళ్ళు అల్గారిథమ్ బొమ్మలు చూసి ఉండకపోవచ్చు. కానీ ఏ చరణంలో ఎంత బలంగా కొడితే ఆ గరగర వస్తుందో వాళ్ళ వేళ్ళకి తెలుసు. ప్రోగ్రామింగ్ రాకపోవడం వేరు, మాడ్యులేషన్ చెయ్యకపోవడం వేరు.

రెండో అభ్యంతరం చెవికి సంబంధించింది. ఇండెక్స్‌ని పెద్ద ఎత్తున అటూ ఇటూ జరిపితే బెసెల్ ఫంక్షన్ల ఎగుడుదిగుళ్ళు బయటపడతాయి. హార్మోనిక్స్ వచ్చి పోతూ ఒక లోహపు ఊగిసలాట వినపడుతుంది, ప్రకృతిలో దొరకని రకం. చాలా వాద్యాల్లో బలం పెరిగితే పై హార్మోనిక్స్ పెరుగుతాయంతే, మధ్యలో మాయమవవు. ఆ లెక్కన ఫిల్టరే సహజానికి దగ్గర అని ఎవరైనా అంటే కాదనలేను. పైన నేను ఇష్టంగా చెప్పిన ఆ వింతే చేతిలో పట్టు తప్పితే చిరాకవుతుంది. అందుకే మంచి ఎఫ్‌ఎం ప్యాచ్‌లలో ఒకే మాడ్యులేటర్‌ని దూరం తోలరు. చిన్న ఇండెక్స్‌తో రెండు మూడు జంటలు పక్కపక్కన పెట్టి, ఒక్కోటి కొంచెమే కదిలేలా చూస్తారు. లెవెల్ అంకె పై భాగంలో ఎనిమిది పెంచితే మాడ్యులేషన్ దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి ఆ చివర ఒకటీ రెండూ తేడా కూడా లెక్కే. మొదట్లో అందరూ 99 పెట్టేస్తారు, ఆ తర్వాత ఎఫ్‌ఎం అంటే గోల అని వదిలేస్తారు.

మూడోది, ఇదే పని అనలాగ్ సింథ్‌లు ఇంతకన్నా తేలిగ్గా చేస్తాయి కదా అనేది. చేస్తాయి. రోలాండ్ జూనో-106లో పల్స్ విడ్త్ అని ఒక్క స్లైడర్ ఉంది, పల్స్ తరంగం ఒక్కో చక్రంలో ఎంత భాగం పైన ఉండాలో అది చెబుతుంది. విడ్త్ సగం దగ్గర ఉంటే సరి హార్మోనిక్స్ ఉండవు, మూడో వంతు దగ్గర ప్రతి మూడోదీ పోతుంది, నాలుగో వంతు దగ్గర ప్రతి నాలుగోదీ పోతుంది. ఎల్‌ఎఫ్‌ఓతో, అంటే నెమ్మదిగా ఊగే ఓసిలేటర్‌తో ఆ విడ్త్‌ని మెల్లగా ఊపితే ఈ ఖాళీలు స్పెక్ట్రమ్ పొడవునా నడుస్తూ ఉంటాయి. ఒక్క ఓసిలేటర్‌తో రెండు మూడు వాయిస్తున్నంత నిండుదనం వస్తుంది. 1978లో వచ్చిన ప్రాఫెట్-5 సింథ్‌లో పాలీమాడ్ అనే విభాగంలో ఒక ఓసిలేటర్ ఇంకో ఓసిలేటర్ పౌనఃపున్యాన్నీ పల్స్ విడ్త్‌నీ కదిలించగలదు. వీటిని నేను తక్కువ చెయ్యను. నిజానికి ఇవి నా వాదనకే బలం. పాత సింథ్‌ల గొప్పతనమంతా అనలాగ్ వెచ్చదనంలో ఉందని చెప్పేవాళ్ళతోనే నాకు పేచీ. జూనోలో పల్స్ విడ్త్‌ని ఒకచోట బిగించి, కోరస్ ఆపేసి, ఫిల్టర్ తెరిచి ఒక స్వరం పట్టుకుని వినండి. అనలాగ్ ఫిల్టర్ గుండా వచ్చినా ఆ వెచ్చదనం ఎక్కడా కనపడదు. డిజిటల్ అని చల్లగా ఉంటుందని పేరుపడ్డ డీఎక్స్ 7లో మాడ్యులేటర్‌ని ఆఫ్టర్‌టచ్‌తో కదిలిస్తూ వినండి. చల్లదనం, వెచ్చదనం అని మనం అనేవాటిలో సగానికి పైగా ఈ కదలికే ఉందని నాకనిపిస్తుంది.

అయితే సాఫ్ట్‌వేర్ ఎందుకు కాకూడదు?

కావచ్చు. ఇది చెప్పకపోతే వాదన నిజాయితీగా ఉండదు. డెక్స్‌డ్ అనే ఉచిత ప్లగిన్ డీఎక్స్ 7 లెక్కల్నే చేస్తుంది, పాత ప్యాచ్‌ల ఫైళ్ళని నేరుగా తెరుస్తుంది, ఆరు ఆపరేటర్లూ ఒకే స్క్రీన్ మీద కనపడతాయి. అసలు మెషిన్‌కి దాని డిజిటల్ నుంచి అనలాగ్‌కి మార్చే చిప్ వల్ల వచ్చే ఒక గరుకు ఉంది, అది నాకిష్టం. కానీ ఆ గరుకు కోసం ఎవరూ అప్పుచేసి పాత మెషిన్ కొనక్కర్లేదు. దాని లోపలి బ్యాటరీ సోల్డర్ చేసి ఉంటుంది, అది అయిపోతే మెమొరీలోని టోన్లు పోతాయి. జపాన్ నుంచి వచ్చిందైతే 100 వోల్టుల గొడవ. ఇవన్నీ భరించే ఓపిక అందరికీ ఉండదు, ఉండాలనడం న్యాయం కాదు.

కాబట్టి నా గీత హార్డ్‌వేర్‌కీ సాఫ్ట్‌వేర్‌కీ మధ్య లేదు. హార్మోనిక్స్‌ని పుట్టించే లెక్క మన చేతికి అందుబాటులో ఉందా, లేక ఆ లెక్క ఫలితం మాత్రమే ఉందా అన్న చోట గీత గీస్తాను. డెక్స్‌డ్ ఆ గీతకి ఇటువైపు ఉంది. ఆ కుర్రాడి శాంపిల్ ప్యాక్ అటువైపు ఉంది. పాటలో నాలుగు బార్లు ఎలక్ట్రిక్ పియానో కావాలంటే ప్యాక్ వాడుకోవడంలో తప్పేమీ లేదు, అతనికీ అదే చెప్పాను. ఒక్క స్వరాన్ని పట్టి ఉంచి దాంతో ఏదైనా చెప్పాలనుకుంటే మాత్రం అది చాలదు.

ప్యాచ్‌తో పాటు రాని సమాచారం

నన్ను ఈమధ్య ఎక్కువగా కలవరపెడుతున్నది శాంపిల్స్ కూడా కాదు, ప్యాచ్‌లే. ఇంటర్నెట్‌లో డీఎక్స్ 7 ప్యాచ్‌లు వేలకొద్దీ తిరుగుతున్నాయి. 32 టోన్లకి ఒక ఫైలు, ఒక్కో టోన్‌కి 128 బైట్లు. నిష్పత్తులు, ఎన్వలప్‌లు, వెలాసిటీ సెన్సిటివిటీ అన్నీ అందులో ఉంటాయి. మాడ్యులేషన్ వీల్ దేనికి కలిపారు, ఆఫ్టర్‌టచ్ రేంజ్ ఎంత, బ్రెత్ కంట్రోలర్‌ని ఈజీ బయాస్‌కి కలిపారా లేదా అన్నవి మాత్రం ఉండవు. ఎందుకంటే అసలు డీఎక్స్ 7లో అవి టోన్‌తో పాటు సేవ్ కావు, ఫంక్షన్ విభాగంలో మెషిన్ మొత్తానికీ కలిపి ఒకటే సెట్టింగు ఉంటుంది.

దీని పర్యవసానం చూడండి. ఎనభైల్లో ఎవరో బ్రెత్ కంట్రోలర్ కోసమే జాగ్రత్తగా చేసిన వేణువు ప్యాచ్‌ని మనం డౌన్‌లోడ్ చేసుకుంటాం. మాడ్యులేటర్ల సెన్సిటివిటీ ఫైల్‌లో ఉంటుంది, కానీ వాటిని కదిలించాల్సిన ఊపిరి ఎక్కడ కలపాలో ఉండదు. తెరిచి వాయిస్తే చప్పగా, కదలకుండా మోగుతుంది. ఎఫ్‌ఎం అంటే ఇంతే అనుకుని మూసేస్తాం. అలా మూతపడ్డ మంచి ప్యాచ్‌లు చాలానే ఉంటాయని నా అనుమానం. ఈజీ బయాస్ కలిపి చూడగానే ప్రాణం లేచొచ్చిన ప్యాచ్‌లు నాకే తగిలాయి.

అందుకే నేను పంచుకునే ప్రతి ప్యాచ్ పక్కనా ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెడుతున్నాను. మీరు పెట్టినా సంతోషం. నా బ్రాస్ ప్యాచ్‌ది ఇలా ఉంటుంది: ఆఫ్టర్‌టచ్ రేంజ్ 70, ఈజీ బయాస్ ఆన్, పిచ్, యాంప్లిట్యూడ్ ఆఫ్. మాడ్యులేషన్ వీల్ పిచ్‌కి, రేంజ్ 20. బ్రెత్ కంట్రోలర్ ఉంటే ఆఫ్టర్‌టచ్ ఆపేసి అదే ఈజీ బయాస్‌కి, రేంజ్ 99. మాడ్యులేటర్లకి మాత్రమే సెన్సిటివిటీ ఇచ్చాను, క్యారియర్లకి సున్నా, కాబట్టి ఊదకపోయినా స్వరం వినపడుతుంది, గుండ్రంగా. ఊదితే విప్పుకుంటుంది. మధ్య స్థాయిలో, ఒక్కో స్వరాన్ని పట్టి ఉంచి వాయించండి.